పాసవ్వని డాక్టరమ్మ వైభోగం

ఈ భూమ్మీద వెటర్నరీ కాలేజీ విద్యార్థిని మించిన అదృష్టవంతులు లేరని నా గట్టి నమ్మకం. నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

మనుషుల డాక్టరు చదివేవాళ్ల సంగతి చూడండి. ఏళ్ల తరబడి పుస్తకాలు మోసినా, ఇంట్లో ఎవరికైనా తలనొప్పి వస్తే పక్కవీధి డాక్టరు దగ్గరికే వెళతారు తప్ప వాళ్లను అడగరు. మరి మేమో? కాలేజీలో చేరిన రోజే డాక్టర్లమైపోతాం! నాకింకా కుక్క ఎముకలకూ మేక ఎముకలకూ తేడా తెలియని రోజుల్లోనే, మా కాలేజీ ఉన్న ఇలోయిలో నగరంలో నేనుండే ఇంటి యజమానురాలు నా గది తలుపు కొట్టి, “డాక్, మా కుక్క బ్రౌనీ గోడని నాకుతోంది. ఏం జబ్బంటావ్?” అని అడిగింది. ఇంత గౌరవం ఏ చదువులో ఉంది చెప్పండి!

ఆవిడ పుణ్యమా అని నేను సన్నగా కూడా ఉన్నాను. భోజనానికి కూర్చోగానే ఫోన్ పట్టుకుని వచ్చేస్తుంది. అందులో బ్రౌనీ విరేచనాల వీడియో. “రంగు చూడు డాక్, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది కదూ?” అంటూ పెద్దది చేసి మరీ చూపిస్తుంది. మీరు వేలకు వేలు పోసి జిమ్ముల్లో చేరుతున్నారు. నాకిది ఉచితం!

ఆవు కడుపులో దూడ ఉందో లేదో చూడాలంటే చెయ్యి వెనకనుంచి భుజం దాకా లోపలికి పెట్టాలి. ఆ ప్రాక్టికల్ అయిన రోజున ఎంత తోముకున్నా, ఎన్ని సబ్బులు అరగదీసినా, వాసన మనతోనే ఉంటుంది. ఆ రోజు క్యాంటీన్‌లో నేను లైన్లో నిలబడితే లైనే ఉండదు. గవర్నరు వచ్చినా జనం ఇంత త్వరగా దారి ఇవ్వరు.

ఒకసారి చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి మోకరిల్లాను. నేనింకా రెండో పాపంలో ఉండగానే జాలీ అవతలనుంచి ఫాదర్ మెల్లగా, “అమ్మాయ్, చిలక తన ఈకలు తనే పీక్కుంటోందంటే ఏమిటర్థం?” అని అడిగారు. మిగతా పాపాలన్నీ వినకుండానే క్షమించేశారు. మా అన్నయ్య వరస కుర్రాడికి వీపు మీద సెగ్గడ్డ లేస్తే, ఆస్పత్రికి పోరా అంటే వినడు. “గేదెకిచ్చే దాంట్లో సగం ఇవ్వు చాలు” అంటాడు. కోడిపందేలవాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. పుంజుకి విటమిన్లు రాయించుకుంటారు, పెళ్లానికి జ్వరమొస్తే దుప్పటి కప్పుతారు.

ఇన్ని చెప్పాక కూడా మీరు నా అదృష్టాన్ని శంకిస్తున్నారంటే, మా మేనమామ కథ చెప్పాల్సిందే.

ఆయన పేరు అర్సేనియో. మేం తీయో అని పిలుస్తాం. మొన్న సెలవులకి నేను ఊరు వెళ్లేసరికి ఆయన ఊరి కపితాన్, అంటే ఊరిపెద్ద, పదవికి నిలబడి ఉన్నాడు. బస్సు దిగగానే నాకు ఎదురొచ్చింది నేనే! రోడ్డుకి అడ్డంగా ఫ్లెక్సీ. అందులో మా తీయో ఆకాశమంత ఉన్నాడు. ఆయన బొటనవేలి పక్కన నేను. మొహం నాదే, తెల్లకోటు మాత్రం ఏదో పళ్లపొడి ప్రకటనలోది. “డాక్టర్ రోడెలిన్ మగ్బానువా, మన ఊరి గర్వకారణం! అర్సేనియోని గెలిపించండి, మీ పశువులకు ఉచిత వైద్యం పొందండి!”

“తీయో, నాకింకా రెండేళ్ల చదువుంది” అన్నాను ఇంటికెళ్లి.

“ఎన్నికలు రెండేళ్లు ఆగవు కదా డాక్!” అన్నాడు. నిజమే కదా, నాకెందుకు తట్టలేదు!

మా తీయో పుట్టింది మండుటెండల్లో అని మా అమ్మమ్మ ఎప్పుడూ చెబుతుంది. ఎన్నికల పుణ్యమా అని ఈసారి ఆయన పుట్టినరోజు వానల్లోకి జరిగింది. ఓటర్లను మేపడం తప్పుగానీ, పుట్టినరోజుకి నలుగురికీ అన్నం పెట్టడం తప్పెలా అవుతుంది? నిలువెత్తు పందిని కొన్నాడు. సగం బొగ్గుల మీద తిప్పి కాల్చాలని, సగం సంచుల్లో కట్టి ఇంటింటికీ పంచాలని ఏర్పాటు. పెరట్లో పందిని గుచ్చడానికి వెదురు బొంగు చెక్కి సిద్ధంగా పెట్టారు.

విందు ముందురోజు పొద్దున్నే పిలుపు వచ్చింది.

“డాక్! ఓ డాక్! దీనికి ఒక ఇంజెక్షన్ పొడిచెయ్యి. రేపటిదాకా నిలబడితే చాలు, తర్వాత అదెలాగూ నిలబడదు.”

దొడ్లోకి వెళ్లి చూశాను. పంది మూలకి చేరి పడుకుంది. చెవులు వంకాయరంగు తిరిగాయి, పొట్టకింద ఎర్రటి మచ్చలు. థర్మామీటరు పెడితే ఒళ్లు కాలిపోతోంది. లేపితే వెనక కాళ్లు తూలుతున్నాయి.

“ఎప్పటినుంచి తినట్లేదు?”

“ఇవాళే” అన్నాడు తీయో.

“మొన్నటినుంచి” అంది ఆయన భార్య, తీయా పురింగ్.

“నువ్వూరుకో!”

“ఇంకే పందైనా చచ్చిపోయిందా?”

“లేదు లేదు.”

“మరి దీని పక్కన ఇంకో చిన్న పంది ఉండాలిగా? నేను వచ్చిన రోజు చూశాను.”

“అది చావలేదు. పోయింది.”

“ఎక్కడికి పోయింది?”

తీయో కాసేపు కొబ్బరిచెట్టు వైపు చూశాడు. “దాని కిందకి.”

మా వృత్తిలో ఇదొక సౌకర్యం. జంతువులు మాట్లాడవు కాబట్టి అబద్ధాలు చెప్పవు. ఆ పని యజమానులు చూసుకుంటారు.

“ఎవరి దగ్గర కొన్నారు?”

“ఎవరో వ్యాపారి, లారీలో వచ్చాడు. చవగ్గా ఇచ్చేశాడు. చాలా తొందర్లో ఉన్నాడు పాపం.”

“ఎందుకంత తొందరో అడగలేదా?”

“చవగ్గా ఇచ్చేవాణ్ని కారణాలు అడుగుతారా ఎవరైనా?”

నేను నాకు తెలిసింది చెప్పాను. ఇది ఊళ్లకి ఊళ్లే పందుల్ని ఊడ్చేస్తున్న ఆ పందుల జ్వరమే అయ్యుంటుందని నా అనుమానం. రక్తం పరీక్ష చేస్తేగానీ తేలదు. దీనికి మందు లేదు. కొయ్యకూడదు, కదపకూడదు, ఇప్పుడే టౌన్లో పశువుల ఆఫీసుకి చెప్పాలి.

“మనుషులకి అంటుతుందా?” అన్నాడు తీయో.

“అంటదు.”

“ఇంకేం మరి! బొగ్గులు రాజెయ్యండ్రా!”

“తీయో, ఆగు! నువ్వు మాంసం ఇంటింటికీ పంచుతావు. వాళ్లు తిని ఎముకలు, కడుగునీళ్లు తమ పందుల తొట్లో పోస్తారు. కత్తులకి అంటిన రక్తం, చెప్పులకి అంటిన బురద, అన్నీ మోసుకుపోతాయి. కొన్నాళ్లలో ఊళ్లో ఒక్క పందీ మిగలదు.”

అక్కడ చేరిన చుట్టాలందరూ నన్ను చూశారు. అంతకుముందు రోజే వాళ్లంతా తమ కుక్కల్ని, పిల్లుల్ని, పుంజుల్ని నా ముందు వరసగా కూర్చోబెట్టినవాళ్లే.

“నీకింకా రెండేళ్ల చదువుందన్నావుగా?” అన్నాడు తీయో.

“నిజమే, ముందు పాసవ్వనీ” అంది తీయా పురింగ్. “లైసెన్సు కూడా లేదు, అప్పుడే ఊరి పందులన్నిటికీ చావు రాసేస్తోంది!”

“చిన్నపిల్ల, పుస్తకంలో ఏది చదివితే అది కనబడుతుంది” అన్నాడు సెగ్గడ్డ అన్నయ్య.

పాఠకులారా, పదవులు పోవడం మీరు చాలా చూసి ఉంటారు. కాఫీ వేళకి డాక్టరుగా ఉన్న మనిషి, కప్పు కడిగేలోపు చిన్నపిల్ల అయిపోవడం చూశారా? ఫ్లెక్సీలో మాత్రం నేనింకా డాక్టర్నే. గాలికి రెపరెపలాడుతూ ఉచిత వైద్యం చేస్తున్నాను.

కంచె అవతల మానాంగ్ సలూద్ నిలబడి ఉంది. మానాంగ్ అంటే మా భాషలో అక్క. ఆమెది పక్కిల్లు. ఆమె దగ్గర ఒక ఆడపంది ఉంది, అప్పుడే ఈని పిల్లల్తో ఉంది. ఆ పిల్లల్ని అమ్మితేనే ఆమె కొడుకులకి బడి. నన్ను సైగచేసి, ఊళ్లో ఆడపిల్లల్ని పిలిచినట్టే ఇందాయ్ అని పిలిచింది.

“ఇందాయ్, నువ్వు ఆఫీసుకి చెబితే నా దాన్ని కూడా తీసుకుపోతారా?”

“పరీక్షలో అదే అని తేలితే... తీసుకుపోతారు మానాంగ్. చుట్టుపక్కల అన్నిటినీ.”

“దానికేం లేదే. పొద్దున తొట్టి నాకేసింది.”

“ఏం లేకపోయినా తీసుకుపోతారు.”

“చెప్పకపోతే?”

“అప్పుడు మీదీ చస్తుంది. తర్వాత పైవీధివి, ఆ తర్వాత పక్క ఊరివి.”

ఆమె చేతిలో కుడితి బకెట్ ఉంది. దాన్ని కింద పెట్టలేదు. “అయితే చెప్పకు” అంది. అని వెళ్లిపోయింది.

ఇక్కడ నవ్వించడానికి నాకేమీ దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

పెరట్లో బొగ్గులు ఎర్రబడుతున్నాయి. తీయో కత్తి పదును చూసుకుంటున్నాడు. వైరస్ గురించి, కాలేజీలో నేర్చుకున్న పాఠాల గురించి నేను ఎంత చెప్పినా ఆయన చెవికి ఎక్కదని నాకు అర్థమైంది. ఆయనకు అర్థమయ్యే శాస్త్రం ఒక్కటే ఉంది. దగ్గరికెళ్లి నెమ్మదిగా అడిగాను.

“తీయో, ఓట్లెప్పుడు?”

“ఇంకో వారానికి. ఏం?”

“రేపు నీ పంది మాంసం తిన్నవాళ్ల ఇళ్లలో పందులు చావడం మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. ప్రతి ఇంట్లోనూ చచ్చిన పంది ఉంటుంది. ఎవరి మాంసం తిన్నాక చచ్చిందో ప్రతివాడికీ గుర్తుంటుంది. అవతలివాడు ప్రచారం కూడా చెయ్యక్కర్లేదు.”

తీయో కత్తి కింద పెట్టాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. వీధి వీధికీ ఓట్లు లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుసు. లెక్క పూర్తయ్యేసరికి మొహం ఆ పంది చెవుల రంగుకి వచ్చింది.

“నీళ్లు పొయ్యండ్రా బొగ్గుల మీద!” అని అరిచి, స్వయంగా తనే ఫోన్ తీశాడు. “హలో, పశువుల ఆఫీసా? నేను అర్సేనియోని. ఊరి క్షేమం కోసం మాట్లాడుతున్నాను...”

సాయంత్రానికల్లా టౌన్‌నుంచి డాక్టర్ పలోమెరా వచ్చింది. బూట్లకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, అలిసిపోయిన మొహంతో పందినుంచి రక్తం తీసింది. దొడ్డంతా సున్నం చల్లించింది. పందులు వీధి దాటకూడదని తాడు కట్టించింది.

“మంచి పని చేశారు. ఎవరు గుర్తుపట్టారు?” అని అడిగింది.

“నేనే” అన్నాడు తీయో.

మర్నాడు పుట్టినరోజు విందులో నూడుల్స్, ఎండుచేపలు పెట్టారు. జనం గొణుక్కుంటూ తిన్నారు. పంది ఆ పొద్దున్నే చచ్చిపోయింది. రెండు రోజులకి పరీక్ష ఫలితం వచ్చింది. అదే జబ్బు. మా వీధి పందులన్నిటినీ చంపి పూడ్చేయాలన్నారు.

చేతులు తక్కువయ్యాయని డాక్టర్ పలోమెరా నన్నూ రమ్మంది. సలూద్ ఇంటి ముందు ఆగినప్పుడు ఆమె దొడ్డి తలుపు తీసింది. తొట్లో గంజి పోసి, “తిననివ్వండి” అంది. పంది తొట్టి ఖాళీ చేసేదాకా మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. దాని మెడ నేనే పట్టుకున్నాను. వెచ్చగా, గట్టిగా, ఆరోగ్యంగా ఉంది. పిల్లలు చివరిదాకా పాలకోసం వెతుక్కున్నాయి.

పైవీధిలో ఒక్క పందికీ ఏమీ కాలేదు. పక్క ఊరిదాకా పోలేదు. పుస్తకాల భాషలో దీన్ని విజయం అంటారు.

మా తీయో భాషలో కూడా! పోలింగ్ ముందు కొత్త ఫ్లెక్సీ లేచింది. “మన పందులను కాపాడిన వీరుడు అర్సేనియో!” నాకోసం వెతికాను. నా చోట ఇప్పుడు ఒక పంది ఉంది. గులాబీరంగులో నవ్వుతూ, నాకంటే చాలా అందంగా వచ్చింది. ఫ్లెక్సీవాడు కష్టపడకుండా తెల్లకోటుని అలాగే ఉంచేశాడు.

తీయో గెలిచాడు. గెలిచిన పూట అందరిముందూ నా భుజం తట్టి, “డాక్, నా పుంజుకి ఈ మధ్య కోపం తగ్గింది, ఏదైనా రాసివ్వు” అన్నాడు. చూశారా, నా పదవి నాకు తిరిగొచ్చింది!

సెలవులైపోయాయి. సంచీ భుజాన వేసుకుని టౌన్‌కి పోయే జీప్నీ బండి కోసం నిలబడ్డాను. సంత రోజు. మానాంగ్ సలూద్ బుట్టలో కోడిపెట్టను పెట్టుకుని వచ్చింది. దొడ్డి ఖాళీ అయ్యాక ఆమె నాతో మాట్లాడలేదు. ఇప్పుడూ నా మొహం చూడలేదు. బుట్ట నా ముందు పెట్టింది.

“ఇందాయ్, ఇది తుమ్ముతోంది.”

ముక్కు చూశాను, గొంతు చూశాను, రెక్కలెత్తి చూశాను. చెప్పడానికి భయమేసింది.

“సంతకి తీసుకెళ్లొద్దు మానాంగ్. ఇంట్లో మిగతావాటికి దూరంగా కట్టెయ్యండి. నీళ్ల గిన్నె కూడా వేరే పెట్టండి.”

ఇంకా పాసవ్వలేదుగా అంటుందని ఎదురుచూశాను.

“ఎన్నాళ్లు?” అంది.

“తుమ్ములు ఆగాక ఇంకో వారం.”

“సరే.”

బుట్ట ఎత్తుకుని, సంతవైపు కాకుండా ఇంటివైపు నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడిపోయాను. జీప్నీ డ్రైవరు హారన్ కొట్టాడు.

ఎక్కి కూర్చున్నాక ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ ముందుకి వంగింది. ఇదంతా ఆమె కిటికీలోంచి చూసినట్టుంది.

“పశువుల డాక్టరువా అమ్మా? ఎంత అదృష్టం! మా కుక్క వారం నుంచి...”

“ముందు ఒక్కటి చెప్పండి” అన్నాను. “నేను చెప్పింది చేస్తారా?”

ఆవిడ కాసేపు ఆలోచించింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, ఈ ఏడు వరి బాగా పండిందని తనలో తనే అనుకుంది.