అనుమాన పత్రం, మూడు కాపీలు

భయపడటం పౌరుడి ప్రాథమిక బాధ్యత. అయితే ఎవరికి తోచినట్టు వాళ్ళు, ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరు కనపడితే వాళ్ళని చూసి భయపడితే అది భయం అనిపించుకోదు, అల్లరి అనిపించుకుంటుంది. భయానికి ఒక వేళ ఉండాలి, ఒక దరఖాస్తు ఉండాలి, దాని మీద గుండ్రటి ముద్ర ఉండాలి. ఈ సత్యాన్ని అందరికన్నా ముందు కనిపెట్టింది మా అపార్ట్‌మెంటు నివాసుల సంఘమేనని చెప్పుకోవడానికి మాకు ఏ మొహమాటమూ లేదు.

బజారులో బాంబు పేలి పదకొండు మంది పోయిన మూడో రోజున, సెల్లారులో స్కూటర్లు పక్కకి జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, అప్రమత్తతా ఉపసంఘాన్ని ఏర్పాటు చేశాం. అధ్యక్షుడిగా తూనికలాయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. (ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అయిదో అంతస్తు లాయరు పోటీ చేద్దామని లేచాడు. "నీకు తూకం తెలుసా?" అని అడిగారు. లాయరు కూర్చున్నాడు.)

వారం తిరక్కుండా అనుమాన పత్రం అచ్చయి వచ్చింది. మూడు కాపీలు. తెల్లది ఫైలుకి, పచ్చది అనుమానించినవారికి, గులాబీది అనుమానితుడికి. గులాబీ కాపీ ముట్టినట్టు అనుమానితుడు సంతకం పెట్టాలి. పెట్టకపోతే అది ఇంకో అనుమానం, దానికి ఇంకో పత్రం. 'కారణం' అన్న చోట నాలుగే గడులు: గడ్డం, సంచి, గడ్డమూ సంచీ, ఏమీ లేకపోవడం. (నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం. చేతిలో ఏమీ లేదంటే ఎక్కడో పెట్టేసి వస్తున్నాడన్నమాట.)

జనం ఆదరించారు. పది రోజుల్లో ఎనభై ఆరు పత్రాలు. పాలవాడి మీద ఏడు, గ్యాసు బండలు మోసేవాడి మీద పదకొండు. కరెంటు మీటరు చూసేవాడు మీటరు వంక అదేపనిగా చూస్తున్నాడని రెండు. నాలుగో అంతస్తు అత్తగారు కోడలి మీద ఒకటి వేస్తే, కోడలు అత్తగారి మీద ఒకటి వేసింది. ఉపసంఘం ఇంటి గొడవల్లో తల దూర్చదు కనక రెంటికీ కలిపి పిన్ను కొట్టి పక్కన పడేశారు. ఒక్క అనుమానమూ పడని ఎనిమిది కుటుంబాలకి, అంత ఒద్దికగా ఎందుకు మసలుతున్నారో సంజాయిషీ ఇవ్వమని నోటీసులు వెళ్ళాయి.

గడ్డం దగ్గర మాత్రం కాస్త చిక్కొచ్చింది. తూనికలాయన స్వయంగా స్టీలు స్కేలు పెట్టి, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు, ఒక్కొక్కరి చుబుకం పైకెత్తి కొలిచేవారు. రెండంగుళాలు దాటితే అనుమానం. ఆ లెక్కన మొట్టమొదట దొరికినవారు రెండో అంతస్తు ప్రొఫెసరుగారు. "నాది గడ్డం కాదండీ, ఆలోచన" అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. దాంతో నియమం సవరించారు: ఇకమీదట గడ్డంతో పాటు పేరు కూడా కొలవాలి. సవరణ అయ్యాక జాబితాలో ఒక్కడే మిగిలాడు.

మూడో అంతస్తులో అద్దెకుండే కుట్టుమిషన్ల మెకానిక్.

నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు. మా ఆడవాళ్ళ మిషన్లలో ఆయన చెయ్యి పడనిది లేదు. దారం తెగుతోందన్నా, సూది విరుగుతోందన్నా, చేతిలో నూనె డబ్బాతో వచ్చి పావుగంటలో బాగుచేసి, కిందపడ్డ దారపు ముక్కలు కూడా ఏరేసి వెళ్ళేవాడు. అప్పట్లో ఆయన అందరికీ 'అన్న'. బాంబు తరవాత 'అతను' అయ్యాడు. ('అన్న'కీ 'అతను'కీ మధ్య మూడుంపావు అంగుళాల గడ్డం.) ఇంట్లో ఏడేళ్ళ కూతురు. భార్య నెలరోజులుగా కనపడటం లేదు. ఈ సంగతి ముగ్గురు గమనించి మూడు పత్రాలు నింపారు. తలుపు తట్టి ఎక్కడికెళ్ళిందని అడగడానికి పత్రంలో గడి లేదు.

కొంప ముంచింది పక్క వాటా పిన్నిగారి పత్రం. రెండు బాల్కనీలకీ మధ్య గోడ ఒకటే. మంగళవారం సాయంత్రం ఆరున్నరకి పిన్నిగారు ఆరేసిన బట్టలు తీస్తూ ఉండగా, మెకానిక్ అటు తిరిగి ఫోన్లో మెల్లగా మాట్లాడుతున్నాడు. పిన్నిగారు విన్నది విన్నట్టు, కాగితం అందక కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నారు.

ఆదివారం పొద్దున పదింటికి సెల్లారులో విచారణ. తీర్మానం ముందే సిద్ధం: శుక్రవారం లోగా ఇల్లు ఖాళీ చేయాలి. (తీర్మానం ముందే రాసి పెట్టుకుంటే విచారణ సాఫీగా సాగుతుందని తూనికలాయన అనుభవం.) మెకానిక్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన కూతురు, తలకి గట్టిగా కట్టిన స్కార్ఫుతో.

"మొన్న మంగళవారం ఫోను మాట్లాడావా?" తూనికలాయన మొదలుపెట్టారు.

"మాట్లాడానండి."

"మెల్లగా మాట్లాడావా?"

"మెల్లగానే మాట్లాడానండి."

"అంత మెల్లగా మాట్లాడాల్సిన అవసరం ఏమొచ్చింది?"

మెకానిక్ కూతురి వంక చూశాడు. కూతురు చెప్పుల వంక చూసుకుంది.

"పిన్నిగారూ, చదవండి."

పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని, కరెంటు బిల్లు తిరగేసి పట్టుకుని చదివారు. "మందు బాగా పట్టించాను. చాలావరకు పోయాయి. గుడ్లు మాత్రం మిగిలాయి. వారంలో అవీ పేలుతాయి. ఈలోగా బళ్ళో ఎవరికీ తెలియకూడదు."

సెల్లారులో కుర్చీలన్నీ ఒక్క అడుగు వెనక్కి జరిగాయి.

"గుడ్లంటే?" అన్నాడు లాయరు.

"కోడు మాట" అన్నారు ప్రొఫెసరుగారు, గడ్డం నిమురుకుంటూ. "వాళ్ళలో వాళ్ళు అలాగే అనుకుంటారు."

"ఏమయ్యా, ఏమిటవి పేలేవి? బడి మీద కన్నేశావా?" తూనికలాయన గొంతు పెరిగింది.

"అయ్యయ్యో, అవేం మాటలండీ! ఇది ఇంటి విషయం. చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి? పైవాళ్ళకా?"

"పైవాళ్ళెవరూ లేరండి. నా నడుం దాకా వస్తుంది మనిషి."

"పొట్టివాడు, రాసుకో" అన్నారు తూనికలాయన లాయరుతో. లాయరు రాసుకున్నాడు. తరవాత తీర్మానం చదివాడు. శుక్రవారం అన్న మాట దగ్గర మెకానిక్ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, శనివారం మా ఆవిణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిస్తామన్నారు. మూడు నెలలు మెట్టు ఎక్కకూడదట. లిఫ్టున్న ఇల్లు నాకు ఇప్పటికిప్పుడు ఎవరిస్తారండీ? అసలు ఇల్లే ఎవరూ ఇవ్వరు. ఆ ఒక్క మూడు నెలలూ ఉండనివ్వండి, తరవాత మీరు పొమ్మన్న చోటికి పోతాను."

"ఆస్పత్రిలోనా? ఏమైంది అమ్మాయికి?" పిన్నిగారు కళ్ళజోడు తీసేశారు.

"ఆ రోజు బజారుకెళ్ళింది పిన్నిగారూ. దారపు కండెలు తెస్తానని. బాంబు పక్క కొట్లోనే పెట్టారు."

"అయ్యో నాయనా! నెలరోజులుగా ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండి."

తూనికలాయన నిదానంగా కలం మూత తీసి, కొత్త పేరాలో రాశారు: 'సంఘటన జరిగిన సమయంలో, జరిగిన చోటనే, తన భార్య ఉన్నదని అనుమానితుడు స్వయంగా ఒప్పుకున్నాడు.'

అప్పుడు పిల్ల కుర్చీ ఎక్కింది. ఎక్కి స్కార్ఫు లాగి పారేసింది. నూనె, మందు కలిసి జుట్టు నెత్తికి అతుక్కుపోయి ఉంది.

"పేలు నావి!"

"ఏమిటమ్మా?"

"పేలు! నా తల్లో పేలు! అమ్మ లేదు కదా, నాన్నకి చూడటం రాదు. మందు ఎంతసేపు ఉంచాలో అమ్మని ఫోన్లో అడిగాడు. గుడ్లు అవీ పేలవుతాయి అన్నాడు, పేలుతాయి అనలేదు. పే-ల-వు-తాయి. మీకు చెవులు పనిచేయవా?"

"నువ్వే కదే ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నావు" అన్నాడు మెకానిక్.

"నువ్వు చెప్పకూడదు. నేను చెప్పచ్చు. నా తల!"

విచారణ ఇప్పుడు ఒక అక్షరం దగ్గరికి వచ్చి నిలిచింది. ఆ 'వ' ఏమైనట్టు? పిన్నిగారు చాలాసేపు ఆలోచించి, సరిగ్గా ఆ మాట దగ్గరే తమ వంటింట్లో కుక్కరు కూత పెట్టినట్టు గుర్తు తెచ్చుకున్నారు. ఎన్నో కూత అని అడిగారు తూనికలాయన. మూడోది అన్నారు పిన్నిగారు. 'మూడో కూతలో ఒక వ-కారము పోయినట్లు సాక్షి తెలియజేసినది' అని నమోదైంది. కుక్కరు మీద కూడా ఒక పత్రం నింపుదామా అని లాయరు అడిగాడు. కుక్కరుకి గడ్డం లేదు, పైగా అది పిన్నిగారిది, అందుకని ఊరుకున్నారు.

ఈలోగా ప్రొఫెసరుగారు తల గోక్కున్నారు. అది చూసి లాయరు గోక్కున్నాడు. నిమిషంలో ఉపసంఘం యావత్తూ రెండు చేతులా గోక్కోవడం మొదలుపెట్టింది. (ఏర్పడిన నాటి నుంచి ఉపసంఘం ఇంత ఏకగ్రీవంగా ఏ పనీ చేయలేదు.)

"అసలివి నీకెక్కడ అంటుకున్నాయే?" అని అడిగారు పిన్నిగారు.

"తూనికల తాతగారి మనవరాలి దగ్గర. మా ఇద్దరిదీ ఒకటే దువ్వెన. దానికి నాకన్నా ఎక్కువున్నాయి."

ఈ వాక్యాన్ని మినిట్సు నుంచి తొలగించారు.

ఇల్లు ఖాళీ చేయించే తీర్మానాన్ని కూడా, చాలా బరువైన మనసుతో, తొలగించారు. మెకానిక్ చేతులు జోడించి, మరి నా మీదున్న అనుమానాలు కొట్టేస్తారా అని అడిగాడు. అది వీలుపడదని తూనికలాయన ఓపిగ్గా వివరించారు. అనుమానించడానికి పత్రం ఉంది. మానుకోవడానికి పత్రం ఇంకా అచ్చు కాలేదు. అంతదాకా పెండింగు.

పిన్నిగారు ఆ మధ్యాహ్నమే పేల దువ్వెన పట్టుకుని పక్క వాటా తలుపు తట్టారు. పిల్లని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, తెల్లగుడ్డ పరిచి, సాయంత్రం దాకా కూర్చున్నారు. ఇది ఆవిడ సొంత నిర్ణయం. సంఘానికి సంబంధం లేదు.

సంఘానికి వేరే పని పడింది. మనిషి నోటి మాటని నమ్ముకుంటే 'వ'లు పోతున్నాయి. అందుచేత మాటతో పనిలేని సాక్షి కావాలని, గేటు దగ్గర ఒక మెటల్ డిటెక్టరు తలుపు నిలబెట్టారు. అది కులం చూడదు, గడ్డం చూడదు, పేరు చదవదు. మోగాల్సినప్పుడు మోగుతుంది. ఇకమీదట మా దగ్గర వివక్ష అన్న మాటే ఉండదని తూనికలాయన రిబ్బను కత్తిరిస్తూ ప్రకటించారు. (కత్తెరకి మోగింది. చప్పట్లు కొట్టాం.)

శనివారం పదకొండింటికి టాక్సీ వచ్చింది. పిన్నిగారు గేటు లోపల నిలబడి ఉన్నారు. పిల్ల పొద్దున ఏడు నుంచీ అక్కడే ఉంది. మెకానిక్ చక్రాల కుర్చీ దించి, భార్యని కూర్చోబెట్టి తోసుకొచ్చాడు. తలుపు మోగింది.

"కుర్చీ ఇనుముది కదండీ" అన్నాడు.

"అయితే కుర్చీ పక్కన పెట్టి రావయ్యా" అన్నారు తూనికలాయన, స్కేలుతో పక్కకి చూపిస్తూ.

భార్యని రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు. మళ్ళీ మోగింది. ఆవిణ్ణి కుర్చీలో దించి ఒక్కడే వచ్చాడు. మోగలేదు.

"చూశారా, ఇన్నాళ్ళూ నా మొగుణ్ణి అనుమానించారు. ఆయన దగ్గరేమీ లేదు. అంతా నా దగ్గరే ఉంది" అంది ఆవిడ కుర్చీలోంచి. నవ్వింది కూడా. నెలరోజులు మంచం మీద ఉన్న మనిషి నవ్వు కనక కాస్త సన్నగా వచ్చింది. తరవాత ఒళ్ళో కవరులోంచి ఆస్పత్రి కాగితం తీసి ఇచ్చింది.

తూనికలాయన దాన్ని రెండుసార్లు చదివారు. పేలుడులో ఎడమ తొడలోకి దిగిన మేకులు అయిదు, తీసినవి మూడు, మిగతా రెండూ నరానికి ఆనుకుని ఉన్నందున తీయడం కుదరదు, లోపలే ఉంటాయి.

"అమ్మా, నీ గది తుడిచాను, దా" అంటూ పిల్ల తలుపు ఇవతలి నుంచి చెయ్యి చాచింది.

"ఉండమ్మా" అన్నారు తూనికలాయన. ఆయన కళ్ళు చెమర్చాయి. ఉపసంఘం ఏర్పడిన నాటి నుంచి, ఇన్ని పత్రాల తరవాత, బాంబు తాలూకు వస్తువు నిజంగా దొరకడం ఇదే మొదలు. అక్కడికక్కడే ఫోటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారు. పది నిమిషాల్లో అరవై రెండు చప్పట్లు పడ్డాయి.

పిన్నిగారు ఏదో అనబోతే, నియమం చదివి వినిపించారు. మోగిన వస్తువుని గేటు దగ్గర అప్పగించి రసీదు తీసుకుంటే, మనిషి నిరభ్యంతరంగా లోపలికి వెళ్ళవచ్చు. మా సంఘం ఇంతవరకు మనుషుల్ని ఆపలేదు.