మేఘం దిండు, మూడు చప్పట్లు

శుక్రవారం పొద్దున టోరికా వేసుకున్న పథకం చాలా చిన్నది. కర్రపెండలం దుంపలు పొయ్యి మీద పడేసి, అవి ఉడికేలోగా సీమపనస చెట్టు దగ్గరికి వెళ్ళి, ఫోన్‌లో ఒక మీట నొక్కి వచ్చేయాలి. ఆ మీట నొక్కితే ఆమె ఇంటి నుంచే పనిచేసుకునే ఉద్యోగస్తురాలవుతుంది. నొక్కకపోతే సోమవారం పడవెక్కి అవతలి దీవిలో రిసార్టుకు పోయి, ఏడాది పాటు టూరిస్టుల దుప్పట్లు ఉతకాలి. ఆరేళ్ళ కూతురు లొసాలినిని తన మేనత్త దగ్గర వదిలేయాలి. పిల్ల తండ్రి చేపల ఓడలో తిరుగుతూ ఏడాదికోసారి వస్తాడు. తల్లి కూడా అలాగే ఏడాదికోసారి వస్తే, ఆ పిల్ల తనను చుట్టాన్ని చూసినట్టు చూస్తుందేమోనని టోరికాకు వారం రోజులుగా గుండెల్లో ఒకటే గుబులు.

మా నాకొరోసీ ఊరంతటికీ సిగ్నల్ అందేది ఆ సీమపనస చెట్టు కిందే. కొమ్మకు వేలాడదీసిన వల ముక్కలో ఫోన్ పెట్టి, మెడ పైకెత్తి, గట్టిగా మాట్లాడాలి. అందువల్ల మా ఊళ్ళో రహస్యాలు లేవు. టోరికా పని గురించి అప్పటికే అందరికీ సగం సగం తెలుసు. సిడ్నీ నుంచి మార్కస్ అనే మేనేజరు ఆమెకు వారం నుంచి సందేశాలు పంపుతున్నాడు. అమ్మే సరుకు పేరు మేఘం దిండు. దాని లింకును తెలిసినవాళ్ళకి పంపడమే పని. ఆ లింకు నొక్కి ఎవరు దిండు కొన్నా టోరికాకు వాటా. ముందు చేరిక రుసుము కట్టాలి, తర్వాత తన కింద ఐదుగురిని చేర్చాలి.

ఆ దిండు బొమ్మ చూసినప్పటి నుంచి టోరికా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. సగం అల్లిన చాప ముందు కూర్చుని సముద్రం వైపు చూస్తుంటే, అలలు లేని ఆ పచ్చటి నీళ్ళ మీద తెల్లటి దిండ్లు వరసగా తేలిపోతున్నట్టు ఉండేది. ఒక్కో దిండు మీద ఎవరో తెలియని మనిషి హాయిగా నిద్రపోతూ, పోతూ పోతూ తన వాటా ఒడ్డున పెట్టి పోయేవాడు. లొసాలిని వాటిని ఏరుకొచ్చేది. ఆ కలలో మునిగి చాపలో రెండు వరసలు తప్పు అల్లింది కూడా.

ఫోన్ వలలో పెట్టి మీట నొక్కబోతుండగా మేనత్త సలసెయిని గంప దించుకుని పక్కన నిలబడింది.

"ఎవరే ఆ మార్కస్?"

"మేనేజరు అత్తా."

"అది సరే. ఎవరి తాలూకు?"

"కంపెనీ తాలూకు."

"కంపెనీది ఏ ఊరు? వాళ్ళ పెద్ద ఎవరు?"

"ఇవన్నీ ఎవరడుగుతారత్తా ఈ రోజుల్లో."

"ఆ దిండు నువ్వు చూశావా?"

"బొమ్మ చూశాను."

"బొమ్మ మీద తలపెట్టి పడుకో అయితే," అంది సలసెయిని. "మన పిల్లని పనిలో పెట్టుకునేవాడు మీ పెదనాన్నతో ఒకసారి చాప మీద కూర్చోవద్దటే? సోలార్ దీపాలమ్మేవాడు కూర్చున్నాడు, డాక్టరు కూర్చున్నాడు. వీడికేం కొమ్ములా?"

టోరికా పెదనాన్న ఇలిసోని మా ఊరి పెద్ద. ఊళ్ళోకి ఎవరొచ్చినా ముందు యంగోనా వేరు తెచ్చి ఆయన ఎదుట పెట్టాలి, దాన్ని దంచి నీళ్ళలో పిసికిన రసం కొబ్బరి చిప్పతో తాగాలి, ఆ తర్వాతే వచ్చిన పని చెప్పాలి. మంత్రిగారైనా అంతే. విషయం విన్న ఇలిసోని చాలాసేపు ఆలోచించి, ఫోన్‌లో వచ్చినా అతిథి అతిథేనని తేల్చాడు. వేరు తెచ్చుకునే వీలు అతనికి లేదు కాబట్టి ఊరే ఒక వేరు సమకూర్చాలని కూడా తేల్చాడు.

టోరికా సిగ్గుతో చచ్చిపోతూ మార్కస్‌కి సందేశం పెట్టింది. మా పెద్దవాళ్ళు మధ్యాహ్నం మీతో ముఖాముఖి మాట్లాడతారట, అని. ఎంతమంది అని అతను అడిగాడు. అందరూ, అని రాసింది. ఐదుగురి కోసం గాలం వేస్తే ఊరు ఊరంతా పడిందనుకుని అతను పొంగిపోయాడు. తప్పకుండా వస్తాను, ఒక్కరు కూడా తగ్గకూడదు, అందరినీ కూర్చోబెట్టండి, అని జవాబిచ్చాడు.

ఆ జవాబును సలసెయిని ఊరంతా మోసుకుపోయింది. ఒక్కరు కూడా తగ్గకూడదన్నాడంటే వచ్చేవాడు మామూలువాడు కాదని మా వాళ్ళు నిర్ణయించుకున్నారు. చర్చిలోంచి బెంచీలు వచ్చాయి. పాటల బృందం గొంతులు సవరించుకుంది. చాపల్లో మంచిది టోరికా నిన్ననే అల్లి ముగించిందేనని దాన్నే చెట్టు కింద పరిచారు. ఇలిసోని తన పందిని తెచ్చి దగ్గర్లో కట్టేశాడు. క్రిస్మస్ దాకా దాన్ని ముట్టనని లొసాలినికి మాటిచ్చి ఉన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల పంది మెడ పట్టుకుని వదలడం లేదు.

"చూపించడానికేనే తల్లీ," అన్నాడు ఇలిసోని. "వచ్చేవాడు ఫోన్‌లోంచి ఎలా తింటాడు? మాటంటే మాటే."

టోరికాకు తల తిరిగిపోయింది. పొద్దున ఒక్క వేలితో అయిపోవాల్సిన పని. ఇప్పుడు నలభై మంది, ఒక పంది. పొయ్యి మీద దుంపలు ఎప్పుడో మాడిపోయాయి.

మధ్యాహ్నం ఫోన్‌లో మార్కస్ కనిపించాడు. మెడకు టై, వెనక గోడ మీద పెద్ద నగరం బొమ్మ.

"అందరికీ నమస్కారం. మీ జీవితాలు మారిపోయే రోజు," అని మొదలెట్టాడు.

"కూర్చో బాబూ. ముందు మర్యాద కానీ," అన్నాడు ఇలిసోని.

మర్యాద సుమారు ముప్పావుగంట సాగింది. మార్కస్ తరఫున సలసెయినే ఇంట్లోంచి వేరు తెచ్చి అన్నగారి ఎదుట పెట్టింది. ఇలిసోని దాన్ని అందుకుని సముద్రానికి, కొండకి, ముత్తాతలకి, పోయినవాళ్ళకి పేరుపేరునా విన్నవించాడు. గాలి ఆగిపోయింది. ఎండ ఆకుల్లోంచి చుక్కలు చుక్కలుగా చాప మీద పడుతోంది. గిన్నెలో రసం పిసుకుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పాటల బృందం మెల్లగా అందుకుంది. మార్కస్ గడియారం చూసుకోవడం మానేశాడు. టై కొంచెం వదులు చేసుకున్నాడు. కాసేపటికి చెంప అరచేతిలో పెట్టుకుని వింటూ ఉండిపోయాడు.

"ఆ చాప ఎవరు అల్లారు?" అని ఒకసారి నిద్రలో అడిగినట్టు అడిగాడు. మర్యాద మధ్యలో మాట్లాడకూడదు కాబట్టి ఎవరూ బదులు చెప్పలేదు.

చిప్ప నింపి ఫోన్ ఎదురుగా ఎత్తి పట్టారు. అతిథి బదులు సలసెయిని తాగింది. ఆమె చిప్ప దించగానే ఫోన్‌లోంచి మూడు చప్పట్లు వినపడ్డాయి.

ఊరంతా తలెత్తి చూసింది. అవి మామూలు చప్పట్లు కావు. అరచేతులు దొప్పల్లా వంచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి కొట్టే చప్పట్లు. లోతైన బావిలోంచి వచ్చినట్టు బోలుగా మోగుతాయి. తల్లి ఒళ్ళో కూర్చున్న వయసులో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. సోలార్ దీపాలతను మూడేళ్ళుగా కొడుతున్నా ఇప్పటికీ దోమను చంపినట్టే ఉంటుంది.

"బాబూ," అన్నాడు ఇలిసోని, "ఆ చప్పట్లు సిడ్నీలో ఎవరు నేర్పారు?"

మార్కస్ తన చేతులకేసి చూసుకున్నాడు. "అలవాటు..." అని ఆగిపోయాడు.

"ఎవరి బిడ్డవు?"

చాప మీద కూర్చుని పెద్దవాడు ఆ మాట అడిగితే, మా దీవుల్లో పుట్టినవాడు ఇంక దేని గురించైనా అబద్ధమాడతాడు గానీ దాని గురించి ఆడలేడు. మార్కస్ టై తీసి పక్కన పెట్టాడు.

"నా పేరు మాథియు. ఉండేది సువా పట్నంలో, చిన్న అద్దె గది. ఈ వెనక గోడ మీది నగరం ఉత్త కాగితం బొమ్మ. మా అమ్మ పేరు అకానిసి. తనది ఏదో చిన్న దీవి అనేది. ఈ పాటే పాడి నిద్రపుచ్చేది."

సలసెయిని చిప్ప వదిలేసి ఫోన్ దగ్గరికి ఉరికింది. అకానిసి ఆమె సొంత అక్క. ముప్ఫై ఏళ్ళ కిందట సువాకు పోయిన మనిషి, మొదట్లో ఉత్తరాలు రాసి తర్వాత మానేసింది.

"అక్క బాగుందా నాన్నా?"

"అమ్మ పోయి ఆరేళ్ళయింది."

ఆడవాళ్ళు బావురుమన్నారు. ఇలిసోని తల వంచుకుని చాప అంచు చాలాసేపు నిమిరాడు. ఏడుపులు కాస్త తగ్గాక టోరికా లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళింది. ఆమెకు కోపమూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

"బావా, చుట్టరికం తర్వాత. ఆ దిండు ఉందా, లేదా?"

"నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు మాథియు. "నేనూ రుసుము కట్టి చేరినవాణ్ణే. ఐదుగురిని చేర్చమన్నారు. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాను. సిడ్నీ అని చెప్పమన్నదీ వాళ్ళే."

"ఒక్కరైనా కొన్నారా?"

"కొనేవాళ్ళు ఎవరూ లేరు. చేరేవాళ్ళే."

"అంటే అమ్ముతున్నది దిండు కాదు, మమ్మల్ని."

టోరికా కళ్ళ ముందు దిండ్లన్నీ ఒక్కొక్కటిగా నీళ్ళలో మునిగిపోయాయి. సోమవారం పడవ ఒక్కటే మిగిలింది.

అప్పుడు సలసెయిని కళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది.

"ఓరి పిచ్చి సన్నాసీ. మాయ చేసి పుచ్చుకుందామనుకున్నావా? అకానిసి కొడుకువిరా నువ్వు. మేనల్లుడు వచ్చి ఏది అడిగినా కాదనే హక్కు మీ మావయ్యకి లేదు. ఊరికే వచ్చి అడిగితే పోయేది కదరా."

అది నిజమే. మా దగ్గర ఆడపడుచు కొడుక్కి పుట్టింటి ఊళ్ళో అడ్డు లేదు. ఈ సంగతి అప్పుడే గుర్తొచ్చిన ఇలిసోని మెల్లగా పంది వైపు చూశాడు.

సోమవారం టోరికా మూట కట్టుకుని ఒడ్డున నిలబడింది. లొసాలిని ఆ మూట మీద కూర్చుని దిగనంటోంది. పడవలోంచి మాథియు దిగాడు, ఖాళీ సంచితో, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా. పిన్ని సలసెయిని అతన్ని కావలించుకుంది. మావయ్య ఇలిసోని గుండె గట్టి చేసుకుని, "ఏం కావాలో తీసుకో అల్లుడూ," అన్నాడు.

మాథియు చెట్టు కింద ఇంకా పరిచే ఉన్న చాప దగ్గరికి వెళ్ళి, దాని మీద కూర్చుని, అంచు తిప్పి చూశాడు.

"శుక్రవారం అడిగితే ఎవరూ చెప్పలేదు. ఎవరు అల్లారిది?"

"నేనే," అంది వెనకే వచ్చిన టోరికా. "అందులో రెండు వరసలు తప్పు. నీ దిండు పుణ్యమే."

"సువాలో పెళ్ళిళ్ళవాళ్ళు ఇలాంటివాటి కోసం పొద్దున్నే మార్కెట్లో కాపు కాస్తారు. నువ్వు అల్లి పంపు. నేను అమ్ముతాను."

టోరికా కళ్ళు చిన్నవి చేసి చూసింది. "చేరడానికి ఏం కట్టాలి?"

"ఏమీ అక్కర్లేదు."

"సరుకు ఉందా?"

"దాని మీదే కూర్చున్నాను."

"నా కింద ఐదుగురిని చేర్చాలా?"

"వద్దు. ఐదు చాపలు చాలు. అమ్ముడయ్యాకే నా వాటా."

"ఇంతకీ నీ పేరు మాథియూనేనా, ఇంకోటి ఏమైనా ఉందా?"

"ఇదొక్కటే," అన్నాడతను, చెవులు ఎర్రబడగా.

పడవవాడు రెండుసార్లు పిలిచాడు. టోరికా వెనక్కి చూస్తే మూట మీద తలపెట్టుకుని లొసాలిని నిద్రపోతోంది. పిల్లను లేపడం ఇష్టం లేక పొమ్మని చేత్తోనే చెప్పింది. పడవ వెళ్ళాక చెట్టు కింద కూర్చుని, తప్పు అల్లిన రెండు వరసలు విప్పడం మొదలుపెట్టింది. నీళ్ళ మీద ఏమీ తేలడం లేదు. అయినా చూడ్డానికి బాగానే ఉంది.

మాథియు పట్నంలో నెలల తరబడి సరైన తిండి ఎరగడు. చాప ముచ్చట తేలగానే అతని చూపు చెట్టు పక్కకు తిరిగింది. హక్కు హక్కే కాబట్టి ఇలిసోని తనే పంది తాడు విప్పి వంటవాళ్ళకి ఇచ్చాడు. ఈ వ్యవహారం మొత్తంలో మాట నమ్మి మోసపోయింది ఆ పంది ఒక్కటే.