ఇడ్లీ పాత్రలో పైపు పొగాకు

ఆదివారం పొద్దున్నే భీమరావు ఇడ్లీ పాత్రను స్టవ్ మీద పెట్టాడు. ఇడ్లీల కోసం కాదు, ఉద్యోగం కోసం. మదనపల్లెలో వ్యవసాయానికి సంబంధించిన ఒక సర్కారు ఆఫీసులో అతను చాలా ఏళ్లుగా కుర్చీ అరగదీస్తున్నాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరు తనను కుప్పం బదిలీ చేస్తాడని ఆఫీసంతా గుసగుసలు. కుప్పం మీద భీమరావుకు కోపమేమీ లేదు. అక్కడ తోటల వెంట తిరగాలి, రైతులతో మాట్లాడాలి, అంటే పని చేయాలి. అతని భయమంతా అదే.

ఆఫీసరుకు పైపు తాగే అలవాటు ఉందని ఎవరో చెప్పారు. ఆ సాయంత్రం ఆయన హార్స్లీ హిల్స్ పోతూ దారిలో భీమరావు ఇంట్లో కాఫీ తాగడానికి ఒప్పుకున్నాడు. కాఫీతోపాటు స్వయంగా తయారుచేసిన పైపు పొగాకు డబ్బా చేతిలో పెడితే బదిలీ ఆగుతుందని భీమరావు ఆశ. జన్మలో పైపు పట్టుకున్న పాపాన పోలేదు. ఫోన్‌లో రెండు వీడియోలు చూసి తనంత నిపుణుడు లేడనుకున్నాడు. రకరకాల పొగాకులు కలిపి, తీపి నీళ్లు పట్టించి, ఆవిరి పెట్టి, బరువు కింద అదిమి, నెలల తరబడి మాగబెట్టమని అందులో చెప్పారు. మన మహానుభావుడు పుంగనూరులో ముక్తియార్ అంగట్లో రెండు రకాల నాటు పొగాకు కొని, బెల్లం నీళ్లలో నానేసి, యాలకులు దంచి కలిపాడు. మాగే సంగతి సాయంత్రానికి అదే సర్దుకుంటుందని తేల్చేశాడు.

ఘాటుకు దగ్గుతూ భార్య రత్నమ్మ వంటింట్లోకి వచ్చింది.

"ఏమప్పా, ఏం ఉడకబెడతాండావు ఈడ?"

ఆఫీసరును కాకా పడుతున్నానని పెళ్లాం ముందు ఒప్పుకోవడానికి అతనికి నామోషీ.

"ఏదో మందులే" అన్నాడు.

టమాటా పండే ఈ ప్రాంతంలో పొగాకు ఉడకబెట్టేది పురుగుల మందుకే. అందులో బెల్లం కూడా పడిందంటే ఇక ప్రకృతి సేద్యమే. మిద్దె మీది టమాటా మొక్కలకు పట్టిన పేనుబంకను మొగుడు ఇన్నాళ్లకు పట్టించుకున్నాడని రత్నమ్మ పొంగిపోయింది. అతను ఆవిరి పట్టిన పొగాకును గుడ్డలో చుట్టి రుబ్బురాయి కింద అదిమి కునుకు తీయగానే, మిగిలిన నల్లటి నీళ్లు వడగట్టి మొక్కలకు కొట్టింది. పక్కింటి రబియా అది చూసింది.

"అక్కా, మా వంకాయ చెట్లకూ పురుగు పట్టుండాది. ఒక చెంబుడు ఇయ్యి."

"దానికేముండాది రబియా, మా ఆయనకు చెట్లంటే ప్రాణం."

మధ్యాహ్నానికి వీధిలో సగం మంది సీసాలతో గుమ్మం ముందు నిలబడ్డారు. నీళ్లు చాలక రత్నమ్మ రాయి కింది పొగాకు ముద్దను తీసి పెద్ద గిన్నెలో మరిగించి పంచేసింది. సాయంత్రం భీమరావు లేచేసరికి రాయి కింద గుడ్డ మాత్రమే మిగిలింది.

"ఈడ పెట్టింది యాడమ్మే?"

"అందరికీ పంచేసినా. నిన్నెంత మెచ్చుకుంటాండారో బయటికొచ్చి సూడు."

బయటికొచ్చాడు. ఎదురుగా ఆఫీసరు జీపు దిగుతున్నాడు.

"ఈ జనమంతా ఏమిటి భీమరావ్?"

"పొగాకు కషాయానికి వచ్చినారు సార్" అంది రత్నమ్మ. "పొద్దుట్నుంచి నిద్ర గూడా లేకుండా కాస్తాండాడు."

ఆఫీసరు మిద్దె ఎక్కి ఆకులు తిప్పి చూశాడు. పేనుబంక చచ్చి రాలిపోయింది.

"నిజం చెబుతున్నాను, నువ్వు పనికిమాలినవాడివి అనుకున్నాను. నిన్ను పంపితే కుప్పం రైతుల ఉసురు తగులుతుందని నిన్ననే నీ బదిలీ మానుకున్నాను. తప్పు నాదే. రేపే కుప్పం ఆర్డరు ఇస్తాను."

భీమరావుకు ఏడుపొక్కటే తక్కువ.

"సార్, అది మందు కాదు. మీ పైపు కోసం చేసిన పొగాకు."

"పైపు మానేసి ఏడాదైంది. చేసిన మంచి పని దాచుకోవడానికి ఇంత అబద్ధమా? కుప్పానికి ఇలాంటి వినయం ఉన్నవాడే కావాలి."

సోమవారం ఆఫీసులో అందరూ దండ వేసి చప్పట్లు కొట్టారు. అతని బదులు కుప్పం పోతామని మాత్రం ఒక్కరూ అనలేదు.