వెనక సీటు సమ్మతి

విశాఖపట్నంలో భార్గవ్, నీలవేణి దంపతుల కారు వెనక సీటు, తన మీద పిల్లల కుర్చీ బిగించడానికి ఒప్పుకోనని మంగళవారం పొద్దున పదిన్నరకి చెప్పేసింది.

సీటు మాట్లాడటం వింతేమీ కాదు. తోలు సీట్లకు సమ్మతి హక్కు వచ్చి రెండేళ్లు కావస్తోంది. గుడ్డ సీట్లకు ఆ హక్కు లేదు, అవి మాట్లాడవు కూడా. తోలు సీటు మాత్రం కుట్ల సందుల్లోంచి కాస్త బొంగురుగా, మర్యాదగా మాట్లాడుతుంది. మీగడ రంగుదైతే మర్యాద ఇంకొంచెం ఎక్కువ. భార్గవ్ వాళ్లది మీగడ రంగే.

అంతకు ముందు వారం మద్దిలపాలెం దగ్గర ఆవు అడ్డొచ్చి భార్గవ్ గట్టిగా బ్రేకు వేశాడు. వెనక నీలవేణి ఒళ్లో ఉన్న పద్నాలుగు నెలల తన్వి ఎగిరి ముందు సీటు వీపుకి కొట్టుకుంది. నుదుటి మీద రేగుపండంత బొప్పి కట్టింది. నీలవేణి ఫిజియోథెరపిస్టు. మెడలకు ఏమేం జరగగలదో రోజూ చూసే మనిషి. పాపని హత్తుకుని ముందు మెడ తడిమి చూసింది. భార్గవ్ కూడా కంగారుగా వెనక్కి తిరిగాడు. పాపని చూశాడు, తర్వాత సీటు వీపుని తడిమి, "గీత పడలేదు, అదృష్టం" అన్నాడు. ఆ సాయంత్రమే నీలవేణి పిల్లల కుర్చీ తెప్పించింది.

బిగించడానికి వచ్చిన అప్పలనాయుడు ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవాడు. పట్టీ పట్టుకుని వంగాడో లేదో, "ఆగండి" అంది సీటు. అతను వెంటనే చేతులు వెనక్కి తీసేసుకున్నాడు.

"అది ఒప్పుకోనంటంది అమ్మా. నాను ముట్టుకుంటే లైసెన్సు పోద్ది."

"నేను పిల్లలకు వ్యతిరేకిని కాను. పిల్లలంటే నాకూ ముద్దే. కాస్త దూరం నుంచి" అని సీటు వివరణ ఇచ్చుకుంది. అమ్మ ఒళ్లో పాప కూర్చుంటే తనకి ఇబ్బంది లేదట, బరువు మెత్తగా పరుచుకుంటుందట. ప్లాస్టిక్ అడుగున్న కుర్చీ వేసి, దాన్ని పట్టీతో నొక్కి, అందులో పాపని కూడా పెడితే పల్లం పడిపోతుందని దాని భయం.

నీలవేణి ఆ మధ్యాహ్నమే తోలు సంరక్షణ కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు పెట్టింది. అందులో పాప బరువు, గోళ్ల పొడవు, రోజుకి తినే బిస్కెట్లు, వాటిలో నోట్లోకి పోకుండా కింద పడేవి, అన్నీ విడివిడి గడుల్లో నింపాలి. నవ్వే అలవాటు ఉందా అని కూడా ఒక గడి ఉంది. ఎందుకని అడిగితే, నవ్వినప్పుడు కాళ్లు తంతారని కౌంటర్లో గుమస్తా ఓపికగా చెప్పాడు.

గురువారం తనిఖీ అధికారిణి సీతారత్నం తెల్ల గ్లౌజులు వేసుకుని ఇంటికొచ్చింది. తన్వికి ఆవిడ తెగ నచ్చేసింది. గ్లౌజు లాగి నోట్లో పెట్టుకుంది. "పళ్లు ఆరు. గ్లౌజు నమలడానికి ప్రయత్నించినది. ఉద్దేశం తెలియరాలేదు" అని సీతారత్నం రాసుకుంది.

"మేడమ్, ముందు ఈ బొప్పి చూడండి" అంది నీలవేణి.

"చూశానమ్మా. రెండ్రోజుల్లో పోతుంది. సీటుకి పల్లం పడితే పోతుందా?"

"మా పాప ఒంటి మీద ఉన్నదీ తోలేగా! మరి దాని సమ్మతి ఎవరడగాలి?"

సీతారత్నం కోపం తెచ్చుకోలేదు. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టి వెతికి, సంతోషంగా చదివింది. మూడేళ్ల లోపు పిల్లల చర్మం 'తనంతట తాను బాగుపడే సామగ్రి' కిందికి వస్తుంది. సమ్మతి అక్కర్లేదు.

"పిల్లలకి ఎంత వెసులుబాటు ఇచ్చారో చూశారా!" అంది.

శనివారం విచారణ. సీటు మెట్లెక్కి పై అంతస్తుకి రాలేదు కాబట్టి కార్యాలయమే బల్లతో సహా పార్కింగులోకి దిగింది. పట్టీలోంచి రెండు పిడికిళ్లు దూరేంత వదులుగా కడితే ఒప్పుకుంటానని సీటు ముందుగానే రాయించింది.

"అంత వదులుగా కడితే కుర్చీ ఊగుద్దండి. బ్రేకేస్తే కుర్చీ, పాపా కలిసి ఎగిరిపోతారు" అన్నాడు అప్పలనాయుడు.

"నిపుణుడి అభిప్రాయం నమోదైంది" అంటూ సీతారత్నం అది రాసిన కాగితం మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టింది. బల్ల ఊగడం ఆగింది.

నీలవేణి బతిమాలింది. కింద పల్చటి మ్యాటు వేస్తానంది, వారం వారం కుర్చీ తీసి తోలుకి గాలి తగలనిస్తానంది, పాప గోళ్లు రోజూ తీస్తానంది. సీటు "పల్లమంటే ఏమిటో మీకు తెలియదమ్మా" అని కుట్ల వెంట చెమ్మగిల్లింది. భార్గవ్ గబగబా మెత్తటి గుడ్డ తెచ్చి అద్దాడు. తన్వి మూతి తుడవడానికి అంత మెత్తటి గుడ్డ ఆ ఇంట్లో లేదు.

అద్దుతూ అద్దుతూ అతనికి ఒక ఆలోచన తట్టింది. "మీ అభ్యంతరం కుర్చీ మీదా, పాప మీదా?" అని సీటుని అడిగాడు.

సీటు ఆలోచించింది. "పాప మీదే. ఖాళీ కుర్చీ అయితే నాకే గౌరవం. ఎంత బిగించినా సరే. పక్కన మాత్రం ఎవరూ కూర్చోకూడదు."

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. కుర్చీ పూర్తి బిగువుతో అమర్చవలెను, పాపని అందులో కూర్చోబెట్టరాదు. సీతారత్నం ముద్ర వేసింది. అప్పలనాయుడు మోకాలు మోపి, పళ్లు బిగించి పట్టీ లాగాడు. "ఇంత గట్టి బిగింపు నా సర్వీసులో సెయ్యలేదండి" అని సామాను సర్దుకున్నాడు. పై అంతస్తు ఉద్యోగులు దిగొచ్చి లడ్డూలు పంచుకున్నారు. వెనక అద్దం మీద 'కారులో పాప ఉంది' అన్న స్టిక్కరు భార్గవ్ స్వయంగా అంటించాడు. నీలవేణి కుర్చీని రెండు చేతులతో ఊపి చూసింది. రవ్వంత కూడా కదల్లేదు. వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమెకి గుండె తేలికపడింది. అలా ఎందుకు తేలికపడిందో ఆలోచించే ఓపిక లేకపోయింది.

ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకి బయల్దేరారు. వెనక ఎవరూ కూర్చోకూడదు కాబట్టి తన్విని ఒళ్లో పెట్టుకుని నీలవేణి ముందు సీట్లో కూర్చుంది. సిగ్నల్ పడింది. ఎడమ పక్క కారులో వెనక కొత్త కుర్చీ, ముందు ఒళ్లో బాబు. కుడి పక్కనా అంతే. వాళ్ల వెనకున్న కార్లలోనూ అంతే. పిల్లలందరూ అద్దాలకు అరచేతులు ఆనించి ఒకరినొకరు చూసుకుని కేరింతలు కొట్టారు. ఆ రోడ్డంతా జాతరలా ఉంది.

పక్క కారావిడ అద్దం దించింది. "మీకు అనుమతి వచ్చేసిందా అండీ?"

"నిన్ననే" అంది నీలవేణి గర్వంగా.

"అదృష్టవంతులు! మాకు ఏడు నెలలు పట్టింది."

పచ్చ లైటు పడింది. నీలవేణి ఒక చేత్తో తన్వి పొట్టని అదిమి పట్టుకుని, రెండో చెయ్యి ఆవిడకి ఊపింది. ముందు రోడ్డు ఖాళీగా కనబడింది. భార్గవ్ స్పీడు పెంచాడు.