సున్నా దగ్గర ఆగని టైమరు

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సొంతంగా రాసిన కౌంట్‌డౌన్ టైమరును క్లినిక్ ముందు గదిలోని టీవీలో పెట్టడం, మామగారి ఊగే పన్ను నొప్పి తెలియకుండా తీయడం. తన చేతుల మీద అతనికి గట్టి నమ్మకం. మామగారికే లేదు. రిటైరైన ఆ లెక్కల మాస్టారు ఇన్నేళ్ళూ పంటి నొప్పి వస్తే బస్సెక్కి వేరే ఊరి డాక్టరు దగ్గరికి పోయేవారు. ఆ డాక్టరు ప్రాక్టీసు మానేశాడు కాబట్టి గతిలేక ఇవాళ అల్లుడి దగ్గరికి వస్తున్నారు. ఈసారి తేడా వస్తే ఈ జన్మకి ఆయన ముందు తలెత్తుకోలేడు.

టైమరు సంగతి వేరు. "ఇంకా ఎంతసేపమ్మా?" అని పేషెంట్లు అడుగుతుంటే ముందు గదిలో కూర్చునే భార్య ప్రాణం విసిగిపోతోంది. కూతురి దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న డాక్టరుకి తన ప్రతిభ చూపించడానికి ఇంతకన్నా మంచి అదను దొరకలేదు.

"సున్నా దగ్గర ఆగమని ఒక లైను రాయాలి నాన్నా," అంది కూతురు కాలేజీకి బయల్దేరుతూ.

"సున్నా వచ్చాక ఇంకెక్కడికి పోతుందే? ఆమాత్రం దానికి తెలీదూ?"

"తెలీదు నాన్నా. మనం చెప్తేనే తెలుస్తుంది."

ముప్ఫై రెండు పళ్ళ సంగతి తెలిసినవాడికి ఒక సున్నా ఏపాటి అనుకుని డాక్టరు ఆ మాట చెవిన పెట్టలేదు.

క్లినిక్‌లో టీవీ నిండా ఎర్రటి అంకెలు తగ్గడం మొదలైంది. పైన మాటలేమీ లేవు, మాటలు పెట్టడం తర్వాతి పాఠంలో ఉంది. అంకెలనే చూస్తూ కూర్చున్న ఒకాయనకి చెమటలు పట్టాయి. స్కూటరు తాళం మర్చిపోయానంటూ లేచి వెళ్ళాడు. వెతకడానికి సాయం చేస్తానని పక్కాయన కూడా వెళ్ళాడు. ఇద్దరూ మళ్ళీ రాలేదు.

లోపల కుర్చీలో ఉన్న ఇటుకల వ్యాపారి పన్ను మొండికేసింది. బయట టైమరు సున్నాకి చేరి, ఆగకుండా మైనస్‌లోకి దిగింది.

"మాస్టారూ, మైనస్ అంటే ఏంటండీ?" అని అడిగింది ఒక టైలరమ్మ.

"ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉండటం," అన్నారు తన వంతు కోసం అక్కడే కూర్చున్న మామగారు, దవడ పట్టుకుని.

"అయితే లోపలాయనకి ఏం తక్కువైందంటారు?"

మాస్టారు లోపలి గది తలుపు వైపు చూశారు. లోపల్నించి డ్రిల్లు మోత వినిపిస్తూనే ఉంది. టైలరమ్మ సంచీ సర్దుకుంది.

భార్య గబగబా లోపలికి వచ్చింది. "ఏవండీ, మీ టైమరు సున్నా దాటి పోతోంది! బయట అందరూ హడలిపోతున్నారు!"

"అయ్యో! ఎంత పని చేశాను!" అన్నాడు డాక్టరు.

నోరు తెరుచుకుని పడుకున్న మనిషి డాక్టరు నోట వినకూడని మాట అదొక్కటే. ఇటుకల వ్యాపారి గది అదిరేలా కేక పెట్టాడు. ఆ కేకకి మామగారు తన పన్ను సంగతే మర్చిపోయి, తలుపు తోసుకుని వచ్చారు.

"అల్లుడూ! ఆపు! ఆయన్ని వదిలెయ్!"

ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు. కానీ ఆ అరుపుకి మామగారి ఊగే పన్ను ఊడి నేల మీద పడింది.

ఉన్న కాస్త పరువూ ఆ పన్నుతోపాటే నేల మీద పడిందనుకున్నాడు డాక్టరు. మామగారు నాలుకతో ఖాళీని తడిమి చూసుకున్నారు.

"అల్లుడూ, నొప్పే తెలియలేదయ్యా!"

"అది నేను కాదు మామయ్యగారూ..."

"ఊరుకో. నన్ను కంగారు పెట్టి, పన్ను మాట మరిపించడానికే కదా ఆ అంకెలు పెట్టావు? చెయ్యి కూడా వెయ్యకుండా పని కానిచ్చావు! ఇన్నాళ్ళూ నిన్ను తక్కువ అంచనా వేశాను."

డాక్టరు నిజం చెప్పబోయాడు. భార్య వెనక నుంచి గిల్లింది. మిగతా నిజం గొంతులోనే ఉండిపోయింది.

మామగారు ఊరంతా చెప్పినట్టున్నారు. మర్నాడు ముందు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీ కోసం తగువులు జరుగుతున్నాయి. సున్నా దగ్గర ఆగమనే ఆ లైను ఇప్పుడే రాసేస్తానని కూతురు కూర్చోబోతే, తల్లి కంప్యూటరుకి అడ్డం నిలబడింది.

ఏళ్ళ తరబడి చదివిన చదువుకి రాని పేరు, డాక్టరు రాయని ఒక్క లైనుకి వచ్చింది.