గిరి ప్రోగ్రాము నడిచే ల్యాప్‌టాప్

భుజం నొప్పి అని భార్యకు అబద్ధం చెప్పదలచినవారు ముందు ఏ భుజమో తేల్చుకోవాలి. నేను తేల్చుకోలేదు. పొద్దున కుడి అన్నాను, సాయంత్రం ఎడమ పట్టుకున్నాను. సువర్ణ రెండింటికీ ఆముదం రాసింది.

తేలికైన ల్యాప్‌టాప్ కొనాలన్నాను. బడివాళ్లిచ్చినది బరువు, మోయలేకపోతున్నానని చెప్పాను. అసలు సంగతి వేరు.

సువర్ణ తమ్ముడు గిరి వానల లెక్కలు కట్టే ఉద్యోగంలో ఉండేవాడు. నేలలో తేమ లెక్కించి, వేరుశనగ విత్తాలో ఆగాలో చెప్పే ప్రోగ్రామొకటి మా కంబదూరు పొలం కోసం ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిచ్చాడు. అది వాడి మాటల్లోనే నన్ను ప్రశ్నలడుగుతుంది. పోయిన ఏడాది గిరి జ్వరంతో పోయాడు. ఇప్పుడు వాడు నన్ను 'బావా' అని పిలిచే చోటు అదొక్కటే.

వాడి పాత ల్యాప్‌టాప్ బీరువాలో ఉండేది. సువర్ణ పెరట్లో ఉన్నప్పుడు తీసి ఆ ప్రోగ్రాము నడిపేవాణ్ణి. తమ్ముడి పేరెత్తితే ఆమె తట్టుకోలేదని నా నమ్మకం. ఎప్పుడు తీసినా బ్యాటరీ నిండుగా ఉండేది. పాతకాలపు సరుకు గట్టిదని మెచ్చుకునేవాణ్ణి.

మొన్న నొక్కితే వెలగలేదు. నేనే చెడగొట్టానని భయపడి మూసి పెట్టేశాను. ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లో ఉంది. కానీ దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ చాలా పాతది. కొత్త యంత్రాల్లో కొన్నిటిలోనే నడుస్తుంది.

అనంతపురానికి ఒంటరిగా వెళ్దామనుకున్నాను. భుజాలు బాగాలేని మనిషిని బస్సులో ఒంటరిగా పంపనని సువర్ణ కూడా బయల్దేరింది.

అక్కడి కంప్యూటర్ల కొట్టు యజమాని శ్రీరంగప్ప. ఏది అడిగినా "ఉండాది" అంటాడు కనుక అందరూ ఆయన్ను ఉండాదప్ప అంటారు. పలకంత పల్చటి ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టాడు.

"ఎత్తి చూడండి సార్. అప్పడం మాదిరి ఉంటాది."

పెట్టె మీద చదివాను. ఫోన్లలో వాడే రకం ప్రాసెసర్. పాత కంపైలర్ దానిలో పనిచేయదు. ఇంకాస్త బరువైనది చూపమన్నాను.

"భుజం నొప్పి అంటిరి. ఇప్పుడు బరువుది అడుగుతాండారు?" అంది సువర్ణ.

మరీ తేలికైతే గాలికి పోతుందన్నాను. ఆమె అటు తిరగగానే, పాత కంపైలర్ నడిచేది ఉందా అని గుసగుసగా అడిగాను.

"ఉండాది సార్. బ్యాగుతోపాటు ఫ్రీగా వేసిస్తా" అని కొట్టంతా వినేలా చెప్పాడు ఉండాదప్ప.

సువర్ణ వెనక్కి వచ్చింది.

"అది నువ్వు వేసిచ్చేది కాదప్పా. ఇంటెల్ ప్రాసెసర్ ఉండేవాటిలో తేలికైంది చూపించు. నా తమ్ముడి ప్రోగ్రాము నడవాల."

నా రెండు భుజాలూ ఒకేసారి కిందికి జారాయి.

తిరుగు బస్సులో మెల్లగా చెప్పింది. నేను బడికి వెళ్లాక తానూ రోజూ అది నడిపేదట. ఛార్జింగ్ పెట్టేదీ తానే. ఏ ప్రాసెసర్ కావాలో గిరి స్నేహితుడు భరత్‌కుమార్‌ను అడిగి తెలుసుకుందట.

"మీరు చెడగొట్టలేదులే. ఆ పొద్దున నా చేతిలోనే ఆరిపోయినాది. చెప్తే మీరు తట్టుకోరని మూసి పెడితి." కాసేపు కిటికీలోంచి ఎండిన చేలు చూసింది. "నన్ను కూడా బావా అనే పిలుస్తాడు" అంది.

ఇల్లు చేరేసరికి వాన మొదలైంది. ఏడాదంతా ఎదురుచూసిన వాన. వసారా రేకుల మీద ఒకటే మోత. కొత్త ల్యాప్‌టాప్‌లో కంపైలర్ ఎక్కించి, ప్రోగ్రాము నడిపాం. తెర మీద గిరి అడిగాడు.

'ఈరోజు వాన పడిందా బావా?'

అవునని కొట్టబోయాను. సువర్ణ నా చెయ్యి పట్టుకుంది.

"లేదని కొట్టండి."

"బయట కుమ్మరిస్తాంటే?"

"ఒకసారి నేను ఊరికే అవునని కొట్టి చూస్తి. 'పోయి విత్తు బావా' అని ఊరుకున్నాడు. రేపటి మాటే ఎత్తలేదు."

ఇన్నాళ్లూ వాన లేనే లేదు, లేదని కొట్టడమే నిజం కనుక నాకు ఇబ్బంది రాలేదు. లెక్కల అయ్యవారిని. తెలిసి తెలిసి తప్పు జవాబు ఎప్పుడూ ఇవ్వలేదు.

లేదని కొట్టాను.

'సరే బావా. రేపు మళ్లీ అడుగుతా.'