తబస్సుమ్ వంటింట్లో కాశ్మీరు

ఆ ఉదయం తబస్సుమ్ వేసుకున్న పథకం చాలా తేలికైనది. హన్మకొండ చౌరస్తాకు వెళ్ళి అట్టపెట్టె, రిబ్బను కొనుక్కుని పదకొండింటికల్లా రావాలి. నిన్న చేసి ఫ్రిజ్‌లో పెట్టిన మూడంతస్తుల కేకు మీద క్రీము గులాబీలు వెయ్యాలి. మధ్యాహ్నానికి స్టేషన్ ఘన్‌పూర్ యాకయ్యకు అప్పగించాలి. ఆయన తల్లికి తొంభై ఏళ్ళు నిండుతున్నాయి. ఇంట్లో కేకులు చేయడం మొదలుపెట్టాక తబస్సుమ్‌కు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు అది.

"ఈ ఉడుకల క్రీము నిలుస్తదో లేదో" అని గొణుక్కుంటూ వెళ్ళింది.

ఆ మాట భర్త లియాఖత్ అలీ మనసులో పడింది. మే నెల. కూలరు పాడై మూడు రోజులు. ఆమె వచ్చేసరికి వంటిల్లు చల్లగా చేసిపెడితే ఎంత సంతోషపడుతుంది! కిటికీలు, తలుపు మూసి, ఫ్రిజ్‌ను బార్లా తెరిచి, ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. తెల్లటి మంచుపొగ మెల్లగా పాదాల మీదికి జారింది. కళ్ళు మూతలు పడ్డాయి. కలలో కాశ్మీరు. దేవదారు చెట్లు, నిశ్చలమైన సరస్సు, ఒక పడవ. పడవలో శాలువా కప్పుకున్న తబస్సుమ్ అతన్ని చూసి నవ్వుతోంది.

రెండు గంటల తరువాత మెలకువ వచ్చేసరికి బనియను తడిసి ముద్దయింది. ఫ్రిజ్ మోటారు ఆగకుండా గుర్రుమంటోంది. చల్లదనం చాలలేదేమోనని లోపలి మీటను చివరిదాకా తిప్పాడు. చెమట ఇంకా ఎక్కువైంది. గదేమో చల్లబడే ఉండాలి. తన ఒళ్ళేమో కాగిపోతోంది. అంటే జ్వరమే! వెంటనే తమ్ముడికి ఫోను చేశాడు.

"షకీల్, జర జల్ది రా. దవాఖానకు పోవాలె. చల్లటి రూముల గూడ ఒళ్ళు మండుతాంది."

షకీల్ భార్యతో సహా పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ కంగారు చూసి ఇరుగుపొరుగు వచ్చారు.

"చల్లగాలి పోతది, తలుపు ముయ్యుండ్రి!" అని మూలిగాడు లియాఖత్. మూసిన గదిలో తొమ్మిదిమంది నిలబడ్డారు. కాసేపటికి తొమ్మిదిమందికీ జ్వరం వచ్చినట్టే అనిపించింది.

పక్కింటి హారిక కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆమె థర్మామీటరు చూసి, "మీకు జరం లేదన్నా" అంది. అతని చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ వెనక ఆనించింది. చురుక్కుమంది.

"ఫ్రిజ్ చల్లదనం పుట్టియ్యదన్నా. లోపలి వేడిని గుంజి ఎనకనుంచి బయట పారబోస్తది. మీరు తలుపు తెరిస్తే గదిల వేడిని మళ్ల గదిలనే పోసింది. మోటారు వేడి పైనుంచి."

సరిగ్గా అప్పుడే తబస్సుమ్ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా ఫ్రిజ్‌లోకి చూసింది. మూడంతస్తులూ ఒక్క అంతస్తుగా కూలి, పళ్ళెంలో పాయసంలా పరుచుకున్నాయి.

"నీ కోసమే చల్లగ చేద్దామని..." అన్నాడు లియాఖత్. ఆమె తిట్టలేదు. అందుకు అతనికి మరీ భయమేసింది.

ఇంతలో బయట కారు ఆగింది. యాకయ్య తల్లిని వెంటబెట్టుకుని ముందే వచ్చేశాడు. తబస్సుమ్ నోరు విప్పేలోపు ముసలమ్మ పళ్ళెం దగ్గరకు నడిచి, చెంచాడు తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో చెంచా తీసుకుంది, ఆపైన ఇంకోటి.

"నాకు పండ్లు లేవని నమలకుంట తినేటట్టు చేసినవా బిడ్డా? మా ఇంట్ల ఎవ్వలకు ఈ సోయి లేకపాయె" అంటూ తబస్సుమ్ చెయ్యి పట్టుకుంది. ముసలమ్మ కళ్ళు తడిశాయి.

యాకయ్య కాస్త సిగ్గుపడి, "వచ్చే నెల మా పెద్దమ్మ పుట్టినరోజమ్మా. ఆమెకు గూడ పండ్లు లేవు. అచ్చం గిట్లనే కావాలె" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక తబస్సుమ్ నోటుబుక్కు తెరిచి, తయారీ విధానం చెప్పమని భర్తను అడిగింది.